ఇంటికి ఆనుకున్న వర్క్‌షాపు కరెంటు లెక్క: ఈస్ట్రాన్ ఎస్‌డిఎం120 సబ్ మీటరు సమీక్ష

ఇంటికి ఆనుకుని చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నవారికి కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ఇందులో ఇంటి వాటా ఎంత, పని వాటా ఎంత? బిల్లు మీద ఉండేది ఒకే అంకె. అది పెరిగినప్పుడు ఇంట్లోవాళ్లకు రంపం మెషీన్ మీద అనుమానం వస్తుంది, మెషీన్ దగ్గర పనిచేసేవారికి గీజరు మీద అనుమానం వస్తుంది. ఏది నిజమో తేల్చే ఆధారం ఎవరి దగ్గరా ఉండదు. ఆ ఆధారం కోసం నేను ఎంచుకుని వాడుతున్న పరికరం ఈస్ట్రాన్ కంపెనీ వారి ఎస్‌డిఎం120 మోడ్‌బస్ అనే సింగిల్ ఫేజ్ సబ్ మీటరు, అంటే ప్రధాన మీటరు తర్వాత ఒక భాగం వాడకాన్ని మాత్రమే విడిగా కొలిచే మీటరు. దీని గురించి నా అభిప్రాయం ముందే చెబుతాను. నెల చివర యూనిట్ల మొత్తం చూసుకోవడానికి మాత్రమే దీన్ని కొంటే, చేతిలో ఉన్న పరికరం విలువలో సగం కూడా వాడుకోనట్టే. ఏ సమయంలో ఎన్ని వాట్లు పోతున్నాయో ఇది వరుసగా చెప్పగలదు, ఆ వరుసను నమోదు చేసుకుంటే వర్క్‌షాపులో కరెంటు ఎక్కడ పోతుందన్న మన ఊహలు చాలావరకు మారిపోతాయి.

పరికరం చూడడానికి చాలా చిన్నది. వెడల్పు 17.5 మిల్లీమీటర్లు, అంటే డిస్ట్రిబ్యూషన్ బాక్సులో ఒక సింగిల్ పోల్ ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతట అదే ఆపేసే స్విచ్చు) పట్టే చోటు దీనికి సరిపోతుంది. ఎంసీబీలను బిగించే డిన్ రైలు అనే లోహపు పట్టీ మీదే వాటి పక్కన కూర్చుంటుంది. తీగ చుట్టూ పెట్టి కరెంటు కొలిచే సీటీ కాయిల్ విడిగా అవసరం లేకుండా 45 ఆంపియర్ల వరకు కరెంటును నేరుగా తనలోంచే పంపుతుంది. 230 వోల్టుల దగ్గర అది పది కిలోవాట్లకు కొంచెం పైమాటే కాబట్టి ఒక మనిషి ఒకసారి ఒకటి రెండు యంత్రాలు నడుపుకునే వర్క్‌షాపుకు ధారాళంగా సరిపోతుంది. ముందువైపు చిన్న తెర, ఒక బటన్, ఒక పల్స్ లైటు ఉంటాయి. బటన్ నొక్కుతూ పోతే యూనిట్లు, వోల్టేజి, కరెంటు, వాట్లు, పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చేదాంట్లో నిజంగా ఖర్చయ్యే వాటా), ఫ్రీక్వెన్సీ ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. వీటితోపాటు కంప్యూటరుతో మాట్లాడడానికి ఆర్ఎస్485 తీగలు బిగించే టెర్మినళ్లు ఉన్నాయి. నా దృష్టిలో ఈ మీటరు అసలు గుణం ఆ టెర్మినళ్లలోనే ఉంది.

అమర్చే పని గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఇంటికి ఆనుకున్న వర్క్‌షాపులో మీటరు పెట్టడం కన్నా మీటరు ఎక్కడ పెట్టాలో తేల్చడం కష్టం. వర్క్‌షాపు విడి షెడ్డు అయితే ఇంటి బాక్సు నుంచి దానికి ఒక కేబుల్ పోతుంది, ఆ కేబుల్ మొదట్లో మీటరు పెడితే సరిపోతుంది. గోడ పంచుకున్న గదిలో అలా ఉండదు. గ్యారేజీగానో స్టోరు గదిగానో కట్టిన గది కాలక్రమంలో వర్క్‌షాపు అవుతుంది. లైట్లు ఇంటి లైట్ల సర్క్యూట్ మీద ఉంటాయి, ఒక ప్లగ్ పాయింటు వంటగది సర్క్యూట్ నుంచి గోడ దాటి వచ్చి ఉంటుంది, అదే సమయంలో వర్క్‌షాపు ఎంసీబీ మీద గోడకు అవతల ఉన్న వాషింగ్ మెషీనో ఫ్రిజ్జో నడుస్తూ ఉంటుంది. ఇది తేలకుండా మీటరు పెడితే అది చూపించే అంకె ఎంత కచ్చితంగా ఉన్నా దేని లెక్కో చెప్పలేం. అందుకని మీటరు కొనకముందే వర్క్‌షాపు ఎంసీబీలు దించి, ఇల్లంతా తిరిగి, ఏ లైటు ఆరింది, ఏ పాయింటు చచ్చిపోయింది అన్నది కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాత వాటిని ఎక్కించి, మిగతా ఎంసీబీలను ఒక్కొక్కటే దించుతూ వర్క్‌షాపులో ఏం ఆగుతుందో చూడాలి. ఈ పనికి ఖర్చేమీ లేదు, కానీ సబ్ మీటరు విలువ అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఇంటి సామాన్లు వర్క్‌షాపు సర్క్యూట్ మీద ఉన్నట్టు తేలితే, వాటిని విడదీయించిన తర్వాతే మీటరు బిగించుకోవడం మంచిది.

మీటరు లెక్కపెట్టేది తనలోంచి పోయే ఫేజు కరెంటును. కాబట్టి ఏదైనా యంత్రం ఫేజు మీటరు దాటిన తర్వాతి ఎంసీబీ నుంచి వచ్చి, న్యూట్రల్ మాత్రం ఇంటి వేరే సర్క్యూట్ నుంచి అరువు తెచ్చుకుని ఉంటే లెక్కలోకి ఆ యంత్రం వస్తూనే ఉంటుంది. అలాంటి వైరింగ్ మాత్రం ప్రమాదకరం. ఒక సర్క్యూట్ ఆపేశామనుకుని తీగ విప్పినవారికి న్యూట్రల్‌లో కరెంటు తగలవచ్చు. ఆ సర్క్యూట్‌కు ఆర్‌సీసీబీ (పోయే కరెంటు, తిరిగొచ్చే కరెంటు సమానం కాకపోతే ఆపేసే స్విచ్చు) ఉంటే అది పదేపదే ట్రిప్ అవుతూ ఆ సంగతి ముందే చెబుతుంది. మీటరు బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌తో ఈ అరువు న్యూట్రళ్లను కూడా సరిచేయించుకోవడం ఈ పని వల్ల కలిగే అదనపు లాభం. ఇంకో మాట: మీటరు ఎంసీబీ కాదు, దేన్నీ కాపాడదు. దానికి ముందు తగిన ఎంసీబీ ఉండాలి, ఆ ఎంసీబీ విలువ మీటరు 45 ఆంపియర్ల హద్దునూ కేబుల్ మోయగల హద్దునూ దాటకూడదు. టెర్మినల్ స్క్రూలు గట్టిగా బిగించాలి. వదులుగా ఉన్న టెర్మినల్, భారీ మోటారు నడిచినప్పుడల్లా వేడెక్కి, చివరికి ఇన్సులేషన్‌ను కాల్చేస్తుంది. మెయిన్ దించకుండా బాక్సు మూత తీయకూడదు, ఈ పని తెలిసినవారి చేతనే చేయించాలి.

ఫేజు లోపలికి వచ్చే వైపు, బయటికి పోయే వైపు తారుమారైతే మీటరు ఆగిపోదు; ఇది రెండు దిక్కులా కొలిచే రకం కాబట్టి వాట్ల ముందు మైనస్ గుర్తు చూపిస్తూ యూనిట్లను ఎగుమతి ఖాతాలో కలుపుకుంటూ పోతుంది. బిగించిన వెంటనే ఒక హీటరు లాంటిది పెట్టి ఆ గుర్తు చూసుకుంటే చాలు. వర్క్‌షాపు కప్పు మీద సోలార్ పలకలు ఉన్నవారికి ఈ రెండు దిక్కుల లెక్క చాలా పనికొస్తుంది.

కంప్యూటరు జోలికి పోకుండానే ఈ మీటరుతో చేయదగిన మంచి పని ఒకటుంది. ముందువైపున్న లైటు ఒక యూనిట్‌కు 1000 సార్లు మెరుస్తుంది, అంటే ఒక్కో మెరుపు ఒక వాట్-అవర్. రెండు మెరుపుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి 3600ను ఆ సెకన్లతో భాగిస్తే వచ్చేదే ఆ సమయంలో నడుస్తున్న వాట్లు. 1500 వాట్ల రంపం మెషీన్ నిండు భారంతో నడుస్తుంటే 2.4 సెకన్లకు ఒకసారి మెరుస్తుంది. పని అయిపోయి, అన్ని మెషీన్ల స్విచ్చులూ ఆపి, లైటు ఆర్పి, వాచీ పట్టుకుని చీకట్లో బాక్సు ముందు నిలబడినప్పుడు నిమిషానికి ఒకసారి మెరుపు కనిపించిందంటే, అన్నీ ఆపేశామనుకున్న గదిలో 60 వాట్లు ఇంకా ఖర్చవుతున్నాయని అర్థం. బ్యాటరీ టూళ్ల చార్జర్లు, ఆన్‌లో వదిలేసిన వెల్డింగ్ సెట్టు ట్రాన్స్‌ఫార్మర్, రేడియో అడాప్టరు, మెషీన్లకు బిగించిన ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోళ్లు కలిస్తే ఆ అంకెకు చేరడం పెద్ద విశేషం కాదు. 60 వాట్లు రోజుకు 1.44 యూనిట్లు, 30 రోజులకు 43 యూనిట్ల పైచిలుకు. ఆ 1500 వాట్ల రంపాన్ని నెలలో 25 రోజులు రోజుకు గంట చొప్పున నిండు భారంతో నడిపితే అయ్యేది 37.5 యూనిట్లు. అలా గంటసేపు ఆపకుండా నిండు భారంతో కోసేవారు అరుదు కూడా. పెద్ద శబ్దం చేసే యంత్రం పెద్ద బిల్లు తెస్తుందని మనసు నమ్ముతుంది. బిల్లును పెంచేది వాట్లు ఒక్కటే కాదు, ఆ వాట్లు ఎన్ని గంటలు నడిచాయన్నది కూడా.

ఇప్పుడు ఈ సమీక్షలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. వర్క్‌షాపు వాడకం కొలవాలనుకున్న చాలామంది మొదట తెచ్చుకునేది క్లాంప్ మీటరు. ఫేజు తీగ చుట్టూ దాని దవడలు పెట్టి, ఆంపియర్లు చదివి, వోల్టేజితో గుణించి వాట్లు అంటారు. (రెండు తీగలున్న కేబుల్ మొత్తాన్ని దవడల్లో పెడితే పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని సున్నా చూపిస్తుంది, అది వేరే సంగతి.) హీటరుకైతే ఆ గుణకారం సరిపోతుంది. వర్క్‌షాపులో ఎక్కువగా ఉండేవి ఇండక్షన్ మోటార్లు, వాటి విషయంలో ఆ లెక్క ఘోరంగా తప్పుతుంది. ఇండక్షన్ మోటారు తన అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టుకోవడానికి తీసుకునే కరెంటు వోల్టేజి కన్నా వెనకబడి ఉంటుంది. ఆ కరెంటు మోటారులోకి వెళ్లి తిరిగి లైనులోకి వస్తూ ఉంటుంది, తీగల్లో కొంచెం వేడి పుట్టించడం తప్ప ఖర్చు కాదు. చెక్క తగలకుండా ఊరికే తిరుగుతున్న రంపం మోటారు దగ్గర ఈ తేడా ఎంతుంటుందో ఎస్‌డిఎం120 తెర మీద బటన్ నొక్కుతూ చూడవచ్చు: వోల్టేజి 230, కరెంటు 3.9 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.26, వాట్లు 233. క్లాంప్ మీటరు నమ్మినవారు అదే మోటారు 897 వాట్లు తింటోందని రాసుకుంటారు. చెక్కను రంపానికి ఒత్తిన క్షణంలో కరెంటు రెట్టింపు మాత్రమే అవుతుంది, పవర్ ఫ్యాక్టర్ 0.8 దాటుతుంది, వాట్లు మాత్రం ఆరు రెట్లకు పైగా ఎగబాకుతాయి. అంటే ఆంపియర్లను చూస్తే రెండు స్థితుల మధ్య తేడా చిన్నది, ఖర్చును చూస్తే చాలా పెద్దది. సింగిల్ ఫేజ్ ఇంటి బిల్లు సాధారణంగా వాట్ల లెక్క మీదే వస్తుంది కాబట్టి మనకు కావలసింది వాట్లు. ఈ తేడాను చూపలేని ఏ పరికరాన్నీ వర్క్‌షాపు లెక్కకు నేను సిఫారసు చేయను.

చేతి డ్రిల్లు, యాంగిల్ గ్రైండరు లాంటి వాటిలో ఉండే బ్రష్ మోటార్లకు పవర్ ఫ్యాక్టర్ సాధారణంగా ఒకటికి దగ్గరలో ఉంటుంది, వాటితో ఈ ఇబ్బంది అంతగా లేదు. ఎల్ఈడీ లైట్లు, చార్జర్ల సంగతి వేరు. వాటి కరెంటు వెనకబడడం కన్నా అలల ఆకారం చెడి ముక్కలు ముక్కలుగా వస్తుంది, ట్రూ ఆర్ఎంఎస్ కాని, అంటే ఆకారం చెడిన అలను సరిగ్గా కొలవలేని, మామూలు రకం క్లాంప్ మీటర్లు అక్కడ ఇంకో రకంగా తప్పు చెబుతాయి. ఎస్‌డిఎం120 వోల్టేజినీ కరెంటునూ ఒకేసారి కొలిచి అసలు వాట్లను లెక్కకడుతుంది కాబట్టి ఈ రెండు చిక్కులూ దానికి లేవు.

ఇక ఆర్ఎస్485 సంగతి. మీటరు నుంచి రెండు సన్నని తీగలు, చివర ఒక యూఎస్‌బీ కన్వర్టరు, దాన్ని గుచ్చిన ఒక పాత ల్యాప్‌టాప్ లేదా చిన్న బోర్డు కంప్యూటరు ఉంటే చాలు. మీటరు మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే, ఇలాంటి పరికరాలు కంప్యూటరుతో మాట్లాడే భాషలో మాట్లాడుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు దాని చిరునామా 1, వేగం 2400 బాడ్. విలువలు చదివే ఆదేశమైన ఫంక్షన్ 4తో అడిగితే, రిజిస్టర్లు అనే దాని జ్ఞాపకపు గడుల్లో 0 దగ్గర వోల్టేజి, 6 దగ్గర కరెంటు, 12 దగ్గర వాట్లు, 30 దగ్గర పవర్ ఫ్యాక్టర్, 70 దగ్గర ఫ్రీక్వెన్సీ, 72 దగ్గర వాడిన యూనిట్లు దొరుకుతాయి. ఒక్కో విలువ రెండు రిజిస్టర్లలో, నాలుగు బైట్ల దశాంశ సంఖ్యగా వస్తుంది. వోల్టేజి సరిగ్గా 230 ఉన్నప్పుడు తీగ మీద వచ్చే నాలుగు బైట్లు 43 66 00 00. ప్రోగ్రాం రాసుకునేవారు మొదట ఈ ఒక్క విలువ చదివి సరిచూసుకుంటే బైట్ల వరుస విషయంలో తర్వాత తలనొప్పి ఉండదు. మీటరు నుంచి జవాబే రాకపోతే ఏ, బీ అని గుర్తున్న ఆ రెండు ఆర్ఎస్485 తీగలను అటూ ఇటూ మార్చి చూడాలి, ఎక్కువసార్లు సమస్య అక్కడే ఉంటుంది. వేగాన్ని 9600 దాకా పెంచుకోవచ్చు గానీ, ఒకే మీటరును పది సెకన్లకు ఒకసారి చదవడానికి 2400 హాయిగా సరిపోతుంది. పది సెకన్లకో వరుస చొప్పున రోజుకు 8640 వరుసలు. ఏళ్ల తరబడి దాచుకున్నా ఇబ్బంది కలిగించేంత పెద్ద ఫైలు కాదు.

ఈ నమోదు ఏం బయటపెడుతుందో ఎయిర్ కంప్రెసర్ దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. పని ముగించి ట్యాంకు నిండుగా వదిలేసి, ప్రెషర్ స్విచ్చు ఆన్‌లోనే ఉంచి వెళ్లిపోవడం చాలా వర్క్‌షాపుల్లో అలవాటు. గొట్టం కలిపేచోట ఎక్కడో సన్నగా గాలి పోతూ ఉంటే, ఒత్తిడి తగ్గినప్పుడల్లా మోటారు దానంతట అదే లేచి ట్యాంకు నింపి ఆగుతుంది. ఇల్లంతా నిద్రపోయే వేళ కాబట్టి గోడ అవతలి నుంచి వచ్చే శబ్దాన్ని ఎవరూ పట్టించుకోరు. రాత్రి వాట్ల గీతను గీసి చూస్తే మాత్రం దువ్వెన పళ్లలా ఒకే ఎత్తులో, ఒకే ఎడంతో నిలువు గీతలు వరుసగా నిలబడతాయి. 1100 వాట్ల మోటారు 40 నిమిషాలకోసారి లేచి మూడు నిమిషాలు నడిస్తే రోజుకు 108 నిమిషాలు, అంటే దాదాపు రెండు యూనిట్లు, ఒక్క మేకు కూడా దిగకుండా ఖర్చవుతాయి. సబ్బు నీళ్లు పూసి బుడగలు వచ్చే జాయింటు వెతకడం, ట్యాంకు అడుగున ఉండే డ్రెయిన్ వాల్వు సరిగ్గా బిగిసిందో లేదో చూడడం, రాత్రికి కంప్రెసర్ ఎంసీబీ దించడం అనే మూడు పనులతో ఈ ఖర్చు ఆగిపోతుంది. ఆ పళ్ల మధ్య ఎడం పెరిగిందా లేదా అన్నది మర్నాటి గీతలోనే తెలుస్తుంది. మరమ్మతు ఫలితం అంత త్వరగా, అంత నిక్కచ్చిగా కళ్లకు కట్టే సాధనం వర్క్‌షాపులో ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

పొట్టు లాగే డస్ట్ కలెక్టరు విషయం ఇంకా ఆసక్తికరం. రంపం కోతల మధ్య భారం లేకుండా తిరుగుతూ తక్కువ వాట్లతో గడిపేస్తుంది, డస్ట్ కలెక్టరు ఫ్యాను మాత్రం ఆన్ చేసిన క్షణం నుంచి గాలిని తోస్తూనే ఉంటుంది కాబట్టి దాని వాట్లు తగ్గవు. రోజంతా చెక్కపని చేసే చోట రంపం కన్నా డస్ట్ కలెక్టరే ఎక్కువ యూనిట్లు వాడిన రోజులు ఉండడం సహజమే. ఫిల్టరు సంచి నిండిపోతే మోటారు కష్టపడి ఎక్కువ కరెంటు తింటుందని చాలామంది అనుకుంటారు. సెంట్రిఫ్యూగల్ ఫ్యానులో జరిగేది దీనికి వ్యతిరేకం: గాలి ప్రవాహం తగ్గేకొద్దీ అది చేసే పనీ తగ్గి వాట్లు పడిపోతాయి. కాబట్టి ఖాళీ సంచితో ఉన్నప్పటి వాట్లను ఒకసారి రాసి పెట్టుకుంటే, తర్వాత ఆ అంకె నెమ్మదిగా కిందికి జారడమే సంచి దులపాల్సిన వేళ వచ్చిందన్న సూచన. రంపం బ్లేడు సంగతి ఇందుకు విరుద్ధం. ఒకే రకం చెక్కను ఒకే వేగంతో నెడుతున్నా వాట్లు పెరుగుతూ వస్తున్నాయంటే బ్లేడు మొద్దుబారిందనో, పళ్లకు జిగురు పట్టిందనో అనుమానించాలి. బిల్లు విడదీయడానికి కొన్న మీటరు యంత్రాల ఆరోగ్యం కూడా చెప్పడం మొదలుపెడుతుంది.

కచ్చితత్వం విషయానికి వస్తే ఇది క్లాస్ 1 మీటరు. 5 ఆంపియర్ల మూల కరెంటుకు పదో వంతు, అంటే అర ఆంపియరు దాటిన చోట ఒక శాతం లోపు తప్పు ఉండాలని, దాని కింద పావు ఆంపియరు వరకు ఒకటిన్నర శాతం లోపు ఉండాలని ఆ తరగతి నిబంధన. పావు ఆంపియరు అంటే పవర్ ఫ్యాక్టర్ ఒకటి ఉన్నప్పుడు సుమారు 58 వాట్లు. దానికన్నా తక్కువ భారం దగ్గర మీటరు లెక్కపెడుతూనే ఉంటుంది గానీ ఆ శాతం హామీ వర్తించదు. 20 మిల్లీ ఆంపియర్ల కన్నా తక్కువ పోతే, అంటే నాలుగైదు వాట్ల లోపు, అసలు కదలకపోవచ్చు. పైన చెప్పిన నిమిషానికి ఒక మెరుపు లాంటి పరీక్షలో వచ్చే ఫలితాన్ని ఈ దృష్టితో చూడాలి. అక్కడ మనకు కావలసింది 60 వాట్లా 62 వాట్లా అన్నది కాదు, అరవై దరిదాపుల్లో ఉందా ఆరు దరిదాపుల్లో ఉందా అన్నది. మీటరు నమ్మకంగా ఉందో లేదో ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. ఇంట్లో మిగతా ఎంసీబీలన్నీ దించి, వర్క్‌షాపులో ఒక హీటరు మాత్రమే పెట్టి, ఇంటి ప్రధాన మీటరు మీద యూనిట్‌కు ఎన్ని మెరుపులని రాసి ఉందో చదివి, రెండు లైట్ల మెరుపులను ఒకే పావుగంట పాటు లెక్కపెట్టి పోల్చాలి. కేబుల్‌లో పోయే కొద్దిపాటి నష్టాన్ని, రెండు మీటర్లకూ అనుమతించిన తప్పును కలుపుకుని రెండు మూడు శాతం లోపు తేడా ఉంటే సంతోషించవచ్చు.

దీని హద్దులు కూడా చెప్పాలి. ఇది వర్క్‌షాపు మొత్తాన్ని ఒకే ముద్దగా చూపిస్తుంది; ఏ యంత్రం ఎంత అన్నది ఆన్, ఆఫ్ అయిన వేళలను బట్టి మనమే ఊహించుకోవాలి. ఒకేసారి మూడు నాలుగు యంత్రాలు నడిచే చోట ఆ ఊహ కష్టం. ప్లగ్‌కు, సాకెట్‌కు మధ్య గుచ్చే చిన్న వాట్ మీటరు ఒకటి తోడు పెట్టుకుంటే ఒక్కో యంత్రాన్నీ విడిగా కొలిచి దాని స్వభావం తెలుసుకోవచ్చు, ఆ తర్వాత మొత్తం గీతలో దాన్ని గుర్తుపట్టడం తేలిక. కాకపోతే అలాంటి మీటర్లు తమ మీద రాసిన ఆంపియర్ల వరకే పనికొస్తాయి. పెద్ద కంప్రెసరునూ వెల్డింగ్ సెట్టునూ వాటికి తగిలించకూడదు. ఎస్‌డిఎం120కి ఉన్న ఇంకో హద్దు మోటారు స్టార్టింగ్ కరెంటు. ఇండక్షన్ మోటారు లేచేటప్పుడు మామూలు కరెంటుకు అయిదు నుంచి ఎనిమిది రెట్లు ఒక్క క్షణం లాగుతుంది, ఇల్లంతా లైట్లు తళుక్కుమని తగ్గేది అప్పుడే. పది సెకన్లకోసారి చదివే నమోదులో ఆ క్షణం కనిపించదు, తెర కూడా దాన్ని పట్టుకోలేదు. ఎంసీబీ స్టార్టింగ్‌లో ట్రిప్ అవుతోందని కారణం వెతికేవారికి కావలసింది ఇన్‌రష్ కరెంటు, అంటే లేచే క్షణపు కరెంటు, చూపే క్లాంప్ మీటరు, ఇది కాదు. స్టార్టింగ్ కరెంటు వల్ల బిల్లు పెరుగుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. అది నిలిచే కాలం చాలా తక్కువ, దాని పవర్ ఫ్యాక్టరూ తక్కువే, యూనిట్లలో దాని వాటా నామమాత్రం.

వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా పెరిగే చోట్ల ఖర్చు పంచుకునే పద్ధతి గురించి ఒక మాట. వర్క్‌షాపు 40 శాతం యూనిట్లు వాడిందని బిల్లులో 40 శాతం దాని మీద వేయడం ఒక పద్ధతి. ఇల్లు ఎలాగూ ఉంటుంది, వర్క్‌షాపు వల్లే పై రేటులోకి వెళ్లాం అనుకుంటే, వర్క్‌షాపు యూనిట్లు తీసేస్తే బిల్లు ఎంతయ్యేదో లెక్కగట్టి ఆ తేడా మొత్తాన్ని వర్క్‌షాపు ఖాతాలో వేయడం రెండో పద్ధతి. చేసిన వస్తువుకు ధర కట్టేవారికి రెండోదే సరైనదని నా నమ్మకం, ఎందుకంటే పని ఆపేస్తే నిజంగా మిగిలే డబ్బు అదే. రెండు పద్ధతులకూ కావలసింది బిల్లు రీడింగ్ తీసిన రోజునే సబ్ మీటరు రీడింగ్ కూడా రాసుకోవడం. కంప్యూటరు నమోదు ఉన్నవారు ఆ తేదీకి వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. వ్యాపారానికి వేరే కనెక్షన్ తీసుకోవాలన్న నిబంధన ఉన్న చోట సబ్ మీటరు దానికి బదులు కాదు, అది మన లెక్క కోసమే.

మూడు ఫేజుల లేత్ గానీ పెద్ద రంపం గానీ ఉన్న వర్క్‌షాపుకు ఇది సరిపోదు. అలాంటివారు ఇదే కంపెనీ ఎస్‌డిఎం630 తీసుకోవాలి. నాలుగు ఎంసీబీల వెడల్పు ఉంటుంది, మూడు ఫేజుల వాట్లనూ విడివిడిగా చూపిస్తుంది, మోడ్‌బస్ పద్ధతి కూడా అలాంటిదే. సింగిల్ ఫేజులోనే 45 ఆంపియర్లు చాలవనుకునేవారికి 100 ఆంపియర్ల ఎస్‌డిఎం230 ఉంది. కంప్యూటరుకు కలిపే ఉద్దేశం ఎప్పటికీ లేనివారు మోడ్‌బస్ ఉన్న రకానికి వెళ్లనక్కర్లేదు, పల్స్ లైటు, వాట్లు చూపే తెర ఉన్న ఏ క్లాస్ 1 సబ్ మీటరైనా వారి అవసరం తీరుస్తుంది. యూనిట్లు మాత్రమే చూపి వాట్లు చూపని రకాన్ని మాత్రం వర్క్‌షాపు కోసం కొనవద్దు.